గీతలేని పొట్లం

మర ఆగినా పిండి వెంటనే ఆగదు. గొట్టానికి కట్టిన గుడ్డసంచిలోంచి కాసేపు పొగలా దిగుతూనే ఉంటుంది. పొన్నురంగం సంచిని నాలుగుసార్లు అరచేత్తో తట్టి, ఆ వెచ్చటి పొడిని పాత పేపరు మీద పరిచి, వేలితో చాళ్ళు తీశాడు. వేడిమీద జల్లిస్తే కచ్చూరాల వాసన ఎగిరిపోతుంది. చల్లారేదాకా ఆగాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ మిల్లులో అతను ఆగుతూనే ఉన్నాడు.

అరవైమూడేళ్ళ మనిషి. సన్నటి ఒళ్ళు. కనురెప్పల మీద, చెవి వెంట్రుకల మీద, మోచేతుల ముడతల్లో ఎప్పుడూ తెల్లటి పిండి. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. మిల్లులో చేరిన కొత్తలో బెల్టు లాక్కుపోయింది. ఆ గోరులేని వేలికొస మెత్తగా, పసిబిడ్డ మడమలా ఉంటుంది. పొడి ఎంత మెత్తనయిందో ఆ వేలితోనే చూస్తాడు.

గోడకు మూడు జల్లెళ్ళు వేలాడుతుంటాయి. ఇనపతీగది మొదటిది, నైలాను వలది రెండోది. మూడోది జల్లెడ కాదు, చెక్క చట్రానికి రెండు మడతలుగా బిగించిన బ్యాండేజి గుడ్డ. పక్క ఊరు సత్రపట్టిలో ఆస్పత్రులకు నేసే గుడ్డ అది. స్నానపు పొడికి పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు, వట్టివేర్లు, తుంగముస్తలు, కచ్చూరాలు, ఎండిన గులాబి రేకులు అందరికీ ఒకటే. తేడా అంతా జల్లెడలోనే. జిడ్డు చర్మానికి మొదటి జల్లెడ చాలు. మామూలు చర్మానికి రెండోది. పొడిబారిన చర్మానికి, పసిపిల్లలకి గుడ్డలోంచి దిగిన పొడి. చెవిమీది పెన్సిలు తీసి పొట్లాల మీద గీతలు పెడతాడు. మెత్తనిదానికి ఒకటి, మధ్యరకానికి రెండు, గరుకుదానికి మూడు. చదువురాని ముసలివాళ్ళు కూడా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు.

"మామా, నీ గీతలు ఇంగ చాలించు. స్టిక్కర్లు వచ్చినాయి" అన్నాడు నందకుమార్, గల్లాపెట్టె దగ్గరనుంచి. మిల్లు వాళ్ళ నాన్నది. నాన్న పోయాక ఇతనిది. ముప్పై రెండేళ్ళు. కొత్తగా ఫోనులో ఆర్డర్లు తీసుకుంటున్నాడు. "డ్రై స్కిన్, ఆయిలీ స్కిన్, సెన్సిటివ్ స్కిన్. చూడు ఎంత అందంగా ఉండాయో."

"అందంగా ఉండాయి. మా పక్కింటి పాప్పమ్మక్క చదవగలదా?"

"పాప్పమ్మక్క ఆన్‌లైన్‌లో కొంటుందా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. స్టిక్కరు అంటించి, దాని పక్కనే గీత కూడా పెట్టాడు పొన్నురంగం.

తొమ్మిదిన్నరకు బొమ్మక్క వచ్చింది. కూతురు పెళ్ళి వచ్చే వారం. ఎనిమిది కిలోల సరుకు నిన్ననే దింపి పోయింది. ఇవాళ మూడున్నరకు పొడి కావాలంది. పది రోజుల నలుగు.

"పిల్ల ఒళ్ళు ఎట్లాంటిది?" అని అడిగాడు పొన్నురంగం. ఎవరొచ్చినా అతని మొదటి మాట అదే.

"నూనె గానుగే. పొద్దున కడిగితే పదిగంటలకు దోసె పోయొచ్చు ముఖం మీద."

"వీపున మొటిమలు ఉండాయా?"

బొమ్మక్క గొంతు తగ్గించింది. "ఉండాయి. జాకెట్టు కుట్టేవాడు కూడా అడిగె."

"అట్లంటే వీపుకు గరుకు వద్దక్కా. చేతులకు, కాళ్ళకు మూడు గీతలది. మోచేతులకు, మోకాళ్ళకు కొంచెం పెరుగు కలిపి రుద్దు. వీపుకు రెండు గీతలది, వట్టి నీళ్ళలో కలిపి, అట్ల అద్ది తుడిచేదే. దినమూ వద్దు. దినం విడిచి దినం. తడి ఆరకముందే కొబ్బరినూనె రెండు చుక్కలు."

"నీ దగ్గర మూడు దినాలు పిల్లను వదిలేస్తే చాలు, నువ్వే తయారుచేసి పంపిస్తావు" అంటూ బొమ్మక్క నవ్వి వెళ్ళిపోయింది.

ఇలా ఎంతమందిని అడిగాడో లెక్కలేదు. తోలు తెల్లగా పొట్టు రాలుతుందా, కాళ్ళమీద చేపపొలుసులా గీతలుంటాయా, సబ్బు పెడితే బిగుసుకుపోతుందా. ఆడవాళ్ళు మొగుడికి చెప్పనివి కూడా అతనికి చెప్పేవాళ్ళు. అడగనిది ఒక్క మనిషినే.

జల్లించాక పైన మిగిలేదాన్ని మిల్లులో కప్పి అంటారు. వేళ్ళ పీచు, పప్పు పొట్టు, నలగని పసుపు ముక్కలు. పారేసేదే. పొన్నురంగం పారేయలేదు. పొట్లం కట్టి సాయంత్రం ఇంటికి తీసుకుపోయేవాడు. ఇరవైతొమ్మిదేళ్ళు అతని భార్య పంకజం దానితోనే ఒళ్ళు రుద్దుకుంది. ఆ పొట్లం మీద గీత ఉండేది కాదు. అమ్మేది కానప్పుడు గీత ఎందుకు?

మూడో జల్లెడకు గుడ్డ తెచ్చిందే ఆమె. సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ మడిచే పని ఆమెది, ఇరవై రెండేళ్ళు చేసింది. అంచు పాడైన ముక్కలు ఏరి చీరకొంగులో కట్టుకుని బస్సు దిగేది. "దీంట్లో పట్టు, పిండి గాలి మాదిరి దిగుతుంది" అంది. గాలిలాగే దిగింది. దిగింది దిగినట్టు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు పోయింది.

పంకజం పోయి రెండేళ్ళయింది. ఇప్పటికీ సాయంత్రం కప్పి పొట్లం కట్టుకుని పోతాడు. పెరట్లో మందారం మొదట్లో పోస్తాడు. ఎందుకు మానలేదో అతనికీ తెలియదు.

పదకొండు గంటలకు, మిరపకాయల మర మంచి ఊపుమీద ఉన్నప్పుడు, శివరంజని వచ్చింది. పక్కింటి కోడలు, పాప్పమ్మాళ్ కొడుకు ముత్తుకుమార్ భార్య. తళవాయిపురం నుంచి వచ్చే నైటీలకు ఇంట్లో కుట్లు వేస్తుంది. వేళ్ళకు ఇంకా దారం పోగులు అంటుకుని ఉన్నాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మర హోరుమీదుగా గట్టిగా అంది.

"మామా, పంకజం అత్తకు మీరు రుద్దుతా ఉంటిరే, ఆ పొడి కావాలి."

పొన్నురంగం చేతిలోని చాట ఆగింది.

"ఎవరికి?"

"మా అత్తకే. డయాలసిస్ మొదలుపెట్టినప్పటి నుండి ఒళ్ళంతా ఒకటే దురద. రాత్రంతా గీరుకుంటుంది. పాపం, దువ్వెన పెట్టి గీరుకుంటుంది మామా. తోలంతా పొట్టు పొట్టుగా లేస్తుంది. పోయిన ఆదివారం పీచు పెట్టి శనగపిండితో రుద్దినా. బాగుండాది అనె. మళ్ళా అదే కథ. శనగపిండి మెత్తన గదా, అందుకే పట్టలేదేమో."

"అది..." అన్నాడు పొన్నురంగం.

"గోడకు ఈపక్క నుండి నేను చూస్తా ఉంటినే. వారానికి రెండు తూర్లు, పెరట్లో కుర్చీ వేసి, పాదాల నుండి పైకి, ఎంత ఓపికగా రుద్దుతా ఉంటిరి. మా ఆయనతో చెప్తానే ఉంటా, మగోడంటే పొన్నురంగం మామ మాదిరి ఉండాల అని. ఆయనకు కోపం వస్తుంది."

"విన్నావా మామా, నీకు బొమ్మ పెట్టాల బస్టాండులో" అన్నాడు నందకుమార్. మిరపకాయల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా తల తిప్పి పొన్నురంగాన్ని మెచ్చుకోలుగా చూశారు.

చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. వద్దమ్మా. ఆ జబ్బుకు రుద్దకూడదు. నేను చేసింది చూసి చేయొద్దు. మూడు మాటలు. మర ఆపి, ఆ నలుగురి మధ్యా ఆ మూడు మాటలు అనాలి. బల్లకింద కప్పి డబ్బా ఉంది. అతని చేతులు వాటంతటవే పేపరు చింపాయి, పోశాయి, మడిచాయి, దారం చుట్టి అలవాటుగా రెండు ముళ్ళు వేశాయి.

"గీత పెట్టలేదే మామా?"

"దీనికి గీత లేదమ్మా."

"మూడు గంటలకు నూలుమిల్లు సంగు కూసినాక పోస్తా. పెరట్లోకి ఎండ వస్తుంది అప్పుడు, ఆమెకు చలి పుట్టదు" అంది శివరంజని. పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎండలోకి దిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత పొన్నురంగం మూడు మూటల మిరపకాయలు ఆడించాడు. బియ్యం ఆడించాడు. మిరప ఆడిన మరలో ముందు దోసెడు నూకలు వేసి కడగాలి. ఆ నూకలు పారేసి అప్పుడు వేరేవాళ్ళ సరుకు పోయాలి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఒకరి కారం ఇంకొకరి ఒంటికి తగలకూడదని అంత జాగ్రత్త. ఇవాళా మరిచిపోలేదు. నూకలు పారబోస్తూ, తన జాగ్రత్త మీద తనకే అసహ్యం వేసింది.

పంకజానికి షుగరు పదేళ్ళు, కిడ్నీలు ఏడాదిన్నర. చివరి ఆరునెలలూ ఆమె ఒళ్ళు ఎండిన అరటిదొప్పలా అయింది. ముట్టుకుంటే చప్పుడయ్యేది. దురదకు నిద్ర లేదు. అతనికి తెలిసిన విద్య ఒకటే. చర్మం పొట్టు కట్టింది గనుక దురద, ఆ పొట్టు ఊడిస్తే పోతుంది అనుకున్నాడు. ఎండు చర్మానికి మెత్తటి పొడి అని ఊరందరికీ చెప్పే మనిషి, ఇంట్లో చేతికందిన కప్పి తీశాడు, బీరపీచు తీశాడు. గట్టిగానే రుద్దాడు. ప్రేమగానే రుద్దాడు. అతనికి ఆ రెండింటికీ తేడా తెలియలేదు. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేది. "హాయిగా ఉందా?" అంటే తల ఊపేది.

కుడి మోకాలి కింద మొదట ఎర్రగా కందింది. తరువాత చెమ్మ. తరువాత పుండు. జ్వరం. మదురైకి తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ఇరవైఎనిమిది ఉంటాయేమో. కాలు చూసి, తల ఎత్తి, "ఎవరు ఇంత గట్టిగా రుద్దింది?" అని తమిళంలో అడిగింది. పొన్నురంగం టిఫిన్ క్యారియరు పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు కూడా.

"నేనేనమ్మా. నా చెయ్యి ఊరుకోదు" అంది పంకజం.

డాక్టరమ్మ ఆమెను మెల్లగా కోప్పడింది. ఈ జబ్బులో చర్మాన్ని రుద్దకూడదు, గోరువెచ్చని నీళ్ళు పోసి, గుడ్డతో అద్ది, తడిమీదే నూనె రాయాలి, అంతే అంది. పంకజం తప్పు చేసిన పిల్లలా తల ఊపింది. ఆ పిల్ల స్టెతస్కోపు బిళ్ళను తన అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి గాని ఆమె వీపుకు ఆనించలేదు. పొన్నురంగానికి ఆ చెయ్యి ఇప్పటికీ గుర్తుంది. తరువాత పంకజం అతనివైపు తిరిగి నీళ్ళు అడిగింది. ఆ విషయం మళ్ళీ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆరో రోజు పోయింది. కాగితంలో కిడ్నీలని రాశారు. ఆ కాగితంలో ఎంత నిజమో, తన చేతిలో ఎంత నిజమో అతనికి తెలియదు. కూతురు వసుధ తెన్‌కాశి నుంచి వచ్చి, "అమ్మ ఎవరి మాటా వినదు, గీరి గీరి పుండు చేసుకునింది" అని తల్లిమీద కోపంతోనే ఏడ్చింది. అప్పుడూ అతను మాట్లాడలేదు. వీధి వీధంతా, పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకున్నాడని అంది. ఆ మాటను రెండేళ్ళుగా తింటున్నాడు.

ఒంటిగంటకు పెరుగన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"నందూ, అరగంట ఇంటికి పోయొస్తా."

"ఇప్పుడా? బొమ్మక్క మూడున్నరకు వస్తుంది మామా. ఎనిమిది కిలోలు. ఇంకా రెండో జల్లెడే కాలేదు. నేను పట్టితే ఆమె నన్ను పెండ్లిపందిట్లో కట్టేస్తుంది."

నిజమే. పొన్నురంగం కూర్చున్నాడు. చేతులు ఆడిస్తూ, తలుపు మీది ఎండ గీతను చూస్తూ ఉన్నాడు. ఎండ మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. పొడి పొగలా లేచి అతని ముఖాన్ని కప్పింది. జల్లెడ పక్కకు కొట్టినప్పుడల్లా అదే చప్పుడు: తోలుమీద పీచు ఆడే చప్పుడు. ఇన్నేళ్ళలో ఆ రెండు చప్పుళ్ళూ ఒకటేనని ఎన్నడూ తోచలేదు.

గోడ గడియారంలో మూడుకు పది నిమిషాలున్నప్పుడు చట్రం దించాడు. బ్యాండేజి గుడ్డ థానులోంచి చేతికందినంత చింపి, చంకలో పెట్టుకున్నాడు.

"మామా! ఎక్కడికి?"

"వస్తా. బొమ్మక్కను కొంచెం కూచోబెట్టు."

మిల్లు నుంచి ఇంటికి పదిహేను నిమిషాల నడక. అడ్డరోడ్డు మలుపులో తళవాయిపురం బస్సు వెనక్కి తిప్పుకుంటూ దారంతా మూసేసింది. అది కదిలేసరికి నూలుమిల్లు సంగు కూసింది. పొడుగ్గా, ఊరు మొత్తం వినేట్టు. పొన్నురంగం పరుగెత్తాడు. అరవైమూడేళ్ళ మనిషి పంచె ఎగ్గట్టి పరుగెడుతుంటే, చొక్కాలోంచి, జుట్టులోంచి పిండి పొగలా లేచింది. సైకిలు మీద వస్తున్న ఎవరో "ఏమైంది?" అని అరిచారు. అతనికి ఊపిరాడలేదు.

పాప్పమ్మాళ్ ఇంటి ముందు తలుపు తీసే ఉంది. పెరటి గుమ్మం దాకా పోయి ఆగిపోయాడు. ఎండలో ప్లాస్టిక్ కుర్చీ మీద పాప్పమ్మాళ్ కూర్చుని ఉంది. చీర గుండెల దాకా చుట్టుకుని, భుజాలు బయట పెట్టుకుని, పెద్ద పక్షి ఈకలు తడుపుకోవడానికి వచ్చినట్టు. చెంబులో బీరపీచు నానుతోంది. శివరంజని గుమ్మం పక్క గూటిలో పొట్లం పెట్టుకుని, దారం ముడి విప్పుతోంది.

పొన్నురంగం గిరుక్కున గోడవైపు తిరిగాడు.

"ఎవరురా అది? పొన్నా?" అంది పాప్పమ్మాళ్. డెబ్బై ఆరేళ్ళు. ఒళ్ళు సగమయింది గాని గొంతు తగ్గలేదు. "నాకు నలుగు పెట్టను వచ్చినావా? ఇంతకీ పెండ్లికొడుకు ఎవరు?"

"రంజనీ, ఆ పొడి వేయొద్దు" అన్నాడు గోడతో. "వేసినావా?"

"లేదు మామా. ముడి గట్టిగా ఉంది. ఏమైంది? పొడి మారిపోయెనా?"

"పొడి మారలేదు. అదే పొడి. అదే తప్పు." గోడ సున్నం మీద అతని చెయ్యి ఆనిన చోట పిండి అచ్చు పడింది. "పంకజం కాలు పుండైంది ఆమె గీరుకొని కాదు. నేను రుద్ది. ఆ జబ్బులో తోలు సిగరెట్టు కాగితం మాదిరి అయిపోతుంది. రుద్దకూడదు. నాకు తెలియలే. తెలిసినాక చెప్పలే."

గొట్టంలోంచి బక్కెట్లోకి నీళ్ళు ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి.

"పొద్దున ఏల చెప్పలేదు మీరు?" అంది శివరంజని.

"మంచోడంటివే. నలుగురి ముందర అంటివి. ఆ మాట పోగొట్టుకోను మనసు రాలే."

"పోయిన ఆదివారం నేను రుద్దినా మామా. రెండు కాళ్ళూ. మిమ్మల్ని చూసి నేర్చుకున్నట్టే, పాదాల నుండి పైకి." ఆమె పొట్లాన్ని గూటిలోనే వదిలేసి కదిలింది. "గోడకు ఆపక్కే ఉన్నారు. రెండేండ్లుగా ఆపక్కే ఉన్నారే! ఒక్క మాట!"

ఆ అమ్మాయి వంగి అత్త పిక్కలు చూస్తున్న చప్పుడు, గాజులు నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. "ఇక్కడ ఎర్రగా ఉంది. రూపాయంత. అత్తా, నొప్పి చేసెనా ఆవేళ? నొప్పి అంటే ఆపేద్దును గదా. బాగుండాది అంటివే!"

పాప్పమ్మాళ్ అంది, "నొప్పే."

"మరి?"

"కుట్టుమిషన్ ముందర కూచుంటే నువ్వు తల ఎత్తవు. నీ మొగుడు డ్యూటీ. ఆస్పత్రిలో సూది గుచ్చేదానికే నన్ను ముట్టుకుంటారు. ఒకరు దగ్గర కూచుని, ముప్పావుగంట కాళ్ళమీద చెయ్యి పెట్టినారు. నొప్పి అంటే ఆ చెయ్యి తీసేస్తారు గదా." ఆమె చిన్నగా దగ్గింది. "పంకజానికి తెలుసా, పొన్నా, నువ్వు రుద్దిందే అని?"

"తెలుసు. డాక్టరమ్మతో తానే గీరుకున్నానని చెప్పింది."

"ఊఁ" అంది పాప్పమ్మాళ్. ఆ ఊఁలో క్షమించడం ఉందో, తప్పు పట్టడం ఉందో అతనికి తెలియలేదు. ఆమె చెప్పనూ లేదు.

అతను వెనక్కి తిరగకుండానే చంకలోని గుడ్డ అందించాడు. గోడకు ముఖం పెట్టుకునే చెప్పాడు. నీళ్ళు మోచెయ్యి పెట్టి చూడమ్మా, వెచ్చన తెలిసీ తెలియనట్టు ఉండాలి. పొడి వద్దు, సబ్బు వద్దు, పీచు వద్దు. చేత్తోనే నీళ్ళు పొయ్. ఈ గుడ్డ నాలుగు మడతలు వేసి, అద్దు. తుడవొద్దు, అద్దు. తడి ఉండగానే నూనె, అరచేతిలో వెచ్చబెట్టి. అట్ల పెట్టి కాసేపు ఉంచు. చెయ్యి తీయకు.

"సరే" అంది శివరంజని. మామా అనలేదు.

అతను వీధి అరుగుమీద కూర్చున్నాడు. లోపలనుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. పీచు చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించుకునే ఉన్నాడు. చాలాసేపటికి పాప్పమ్మాళ్ మాట వినిపించింది, "అబ్బ, అక్కడే పెట్టు, అక్కడే." తరువాత అత్తాకోడళ్ళు ఏదో అనుకుని నవ్వారు. ఏమన్నారో అతనికి అందలేదు. అందకపోవడమే బాగుందనిపించింది.

మంచం మీద పడుకోబెట్టాక శివరంజని గుమ్మం దాకా వచ్చింది. "నిద్ర పట్టింది. గీరుకోకుండా పడుకుంది" అని చెప్పి, అతని ముఖం చూడకుండానే లోపలికి పోయింది.

మిల్లులో బొమ్మక్క బియ్యం మూటమీద కూర్చుని నందకుమార్‌ను ఉతుకుతోంది. పొన్నురంగం కూర్చుని మిగిలిన పొడి జల్లించాడు. పెళ్ళిపిల్ల చేతులకు మూడు గీతలు, వీపుకు రెండు. బొమ్మక్క వెళ్ళాక పైన మిగిలిన కప్పిని చూశాడు. దోసిట్లోకి ఎత్తి, తీసుకుపోయి మిల్లు వెనక చెత్తగుంటలో పోశాడు. చేతులు దులుపుకున్నా వాసన పోలేదు.

ఆరు గంటలకు నందకుమార్ ఫోను మోగింది. అతను విన్నాడు, "ఎప్పుడు?" అన్నాడు, లేచి వచ్చి మర మోటారు ఆపేశాడు. మర ఆపడం పొన్నురంగం పని. నందకుమార్ ఎన్నడూ ఆ స్విచ్చి ముట్టుకోలేదు.

"మామా, కూచో ముందు. ముత్తుకుమార్ చేసినాడు. పాప్పమ్మక్క పోయిందంట. టీ ఇయ్యను లేపితే లేవలేదంట. నిద్రలోనే."

సంచిలోంచి పిండి ఇంకా దిగుతూనే ఉంది. అది పూర్తిగా ఆగేదాకా పొన్నురంగం చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయేమో. ఎండలో ఎక్కువసేపు ఉంచారేమో. తను పోయి ఆ మాటలన్నీ చెప్పి మనసు కదిలించాడేమో. ఏమీ చేయకపోయినా పోయేదేమో. ఇన్ని ఏమోలలో ఏది నిజమో అడగడానికి ఎవరూ లేరు. గీరుకోకుండా పడుకుంది అన్న మాట ఒకటే మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాడు. దాన్ని కూడా గట్టిగా పట్టుకోవడానికి భయం వేసింది.

మరునాడు పొద్దున్నే పెరట్లో చీరలు అడ్డంకట్టి ఆమెకు చివరి స్నానం పోశారు. మగవాళ్ళు వీధిలో ఉన్నారు. పొన్నురంగం తన పెరట్లో, గోడకు ఈపక్క, మందారం దగ్గర నిలబడి ఉన్నాడు. చెంబులు, గాజులు, ఆడవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి.

"పీచు ఇటు తే. పొడి ఎక్కడ? ముసలి తోలు, బాగా రుద్దితే గాని..." అది ఎవరో పెద్దావిడ గొంతు.

"రుద్దొద్దు" అంది శివరంజని.

"ఇంగ ఆమెకేం నొప్పి తల్లీ? ఆచారానికి..."

"రుద్దొద్దు అంటున్నా గదా పెద్దమ్మా. ఎవరూ రుద్దొద్దు. పోసి, ఈ గుడ్డతో అద్దండి. నేను అద్దుతా. మీరు పోయండి చాలు."

నీళ్ళు పడ్డాయి. మెల్లగా, ఆగి ఆగి. పొన్నురంగం గోడకు నుదురు ఆనించాడు. గోడకు ఆపక్క ఎవరూ అతన్ని పిలవలేదు. అతనూ పిలవలేదు. ఆ చప్పుడు ఆగేదాకా ఉండి, ముఖం కడుక్కుని, పాడె ఒక కొమ్ము భుజాన పెట్టుకోవడానికి ముందువైపు నుంచి వెళ్ళాడు. శివరంజని గుమ్మంలో నిలబడి అతన్ని ఒక్కసారి చూసింది. "జాగ్రత్త మామా, మెట్టు ఉంది" అంది.

పాడె కదిలిపోయాక ఆడవాళ్ళు పెరడు కడిగారు. పగలగొట్టాల్సిన కుండ పగలగొట్టారు, వాడని బీరపీచును చెంబులో నీళ్ళతో సహా తూములోకి గిరాటేశారు, ప్లాస్టిక్ కుర్చీని ఎండలో బోర్లించారు. గుమ్మం పక్క గూటిలోకి ఎవరూ చూడలేదు. ఒక ముడి విప్పి, రెండో ముడి విప్పకుండా వదిలేసిన పేపరు పొట్లం ఒకటి, మీద ఏ గీతా లేకుండా, అక్కడే ఉంది.